అంచు లేచిన కుంట

మార్చి వస్తే హెస్టర్‌కు పొద్దున్నే రెండు పనులు. మేపుల్ చెట్లకు తగిలించిన బకెట్లలో చేరిన తీపి నీళ్లను పాకం కాచడానికి ఒంపుకోవడం ఒకటి. అంతకంటే ముందు, కుంట దగ్గరకెళ్లి అంచు చూడడం. వెర్మాంట్‌లో ఆ లోయంతా అందరూ చేసేదే అది. ఇళ్ల కోసం అమ్మబోయే నేలలో కుంటలు నిలవవు. నిరుడు పక్క పొలం టటిల్ వాళ్ల కుంట, బేరం కుదిరిన మర్నాడే కప్పలతో సహా లేచి రోడ్డు దాటి వెళ్లిపోయింది. అది దాటేదాకా స్కూలు బస్సు ఆగింది, డ్రైవరు కాఫీ తాగాడు. ఆ వేసవిలో చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయాయి.

ఆ సోమవారం హెస్టర్ వంగి చూస్తే, అంచు బురద మీంచి లేచి ఉంది, చుట్టబోయే చాప కొసలాగా. కిందికి చెయ్యి పోనిస్తే చల్లగాలి తగిలింది. బకెట్ ఎక్కడ వదిలేసిందో ఆమెకే తెలియలేదు.

ఇలా ఎందుకు జరగాలి? శుక్రవారం ఆ ఎనభై ఎకరాలకూ రక్షణ పత్రం రాయబోతున్నారు. భూమి వాళ్లదే, పంట వాళ్లదే. ఇళ్లు కట్టే హక్కు మాత్రం వాళ్లకూ, రేపు కొనేవాళ్లకూ ఇక ఎప్పటికీ ఉండకుండా భూసంరక్షణ సంఘానికి వదిలేస్తారు. తమ్ముడు ఆరిన్‌ది సగం వాటా కాబట్టి అతని సంతకమూ కావాలి. సరేనన్నాడు. తను ఇల్లు కట్టుకోవడానికి తూర్పు వాలులో రెండెకరాలు మినహాయించమన్నాడు. అలా ఒక ముక్క అట్టే పెట్టుకోవడం అక్కడ మామూలే.

ఆరిన్ వంటింట్లో అట్లు తింటున్నాడు.

"అంచు లేచిందిరా," అంది హెస్టర్.

"మంచు కరుగుతోంది కదక్కా. ఏటా నీకిదే గుబులు."

"టటిల్ కూడా ఇదే అన్నాడు. ఆ రెండెకరాలు నీకోసమేనా?"

అతను పాకం సీసాకు మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "ఇంకెవరికోసం?"

చిన్నప్పట్నుంచీ అబద్ధం చెబితే వాడి చేతులు ఊరుకోవు.

బుధవారం సంఘం నుంచి విన్‌ఫ్రెడ్ వచ్చింది. సంతకాలకు ముందు హద్దులన్నీ యజమానులతో కలిసి నడవడం అక్కడి ఆనవాయితీ. ఆ రెండెకరాల చుట్టూ ఆమె నారింజరంగు జెండాలు పాతుతుంటే, వెనక తడి దుప్పటి ఈడ్చినట్టు చప్పుడైంది. హెస్టర్ తిరిగి చూడలేకపోయింది.

"మీ కుంట వస్తోంది," అంది విన్‌ఫ్రెడ్, పెంపుడు కుక్క గురించి చెప్పినట్టు.

అడుగుమట్టి వాసనతో అది హెస్టర్ పక్కనుంచే పోయింది. మీద బాతులు కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. అయితే రోడ్డు వైపు పోలేదు. వాలు ఎక్కింది. జెండాల మధ్య నిలబడ్డ ఆరిన్ చీలమండల దాకా, మోకాళ్ల దాకా వచ్చింది. చిన్నప్పుడు అతను మంచుపలక విరిగి అందులో పడితే, కిందనుంచి ఎత్తి గట్టున పడేసిన కుంట అది.

"అక్కా, బూట్లు పట్టుకుంది. వదలట్లేదు."

"ఎవరికి మాటిచ్చావురా?"

నీళ్లు నడుముకొచ్చాక చెప్పాడు. పట్నం నుంచి వచ్చిన బిల్డరు. విడిది ఇళ్లు కడతాడట.

ఇన్నాళ్లూ కుంట వెళ్లిపోతుందేమోనని హెస్టర్ భయపడింది. ఇప్పుడు వెళ్లదేమోనని భయం.

నీళ్లు గడ్డాన్ని తాకుతుంటే ఆరిన్ తల పైకెత్తి, "విన్‌ఫ్రెడ్ గారూ, ఆ జెండాలు పీకెయ్యండి. ఇదీ కలిపేసుకోండి," అన్నాడు.

ఆమె ఒక్కోటీ పీకింది. ఆఖరిది ఊడాక నీళ్లు ఆగాయి. ఆరిన్ వట్టి కాళ్లతో బయటికొచ్చాడు. శుక్రవారం సంతకం పెట్టాడు.

కుంట మళ్లీ పాత చోటికి పోలేదు. ఎండ బాగా ఉన్న రోజున అడుగున అతని బూట్లు కనిపిస్తాయి, లేసులు కట్టినవి కట్టినట్టే. ఇల్లు కట్టుకోవడానికి చోటు లేక ఆరిన్ అక్క ఇంట్లోనే మేడగదిలో ఉంటున్నాడు. పొద్దున్నే అంచు చూసే పని ఇప్పుడు అతనిది. ఇంతవరకూ అది నేలకు అంటుకునే ఉంది. అయినా వంగి, చెయ్యి పెట్టి చూసుకుంటే గానీ కాఫీ ముట్టడు.