మూల బోల్టు

నాన్న పోయాక మూలపడ్డ పికప్‌ని మళ్ళీ రోడ్డెక్కిద్దామంటే డీజిల్ ట్యాంకు కారుతోంది. ట్యాంకు అందాలంటే వెనక సామాన్లేసే బాడీ మొత్తం దించాలి. బావా నేనూ పెరట్లోనే బోల్టులు విప్పి, పక్కింటి అన్నదమ్ముల్ని కూడా పిలిచి, నడుములు పడిపోయేలా ఎత్తి ఇటుకల మీద పెట్టాం.

మూల బోల్టు మాత్రం చేత్తోనే ఊడొచ్చింది. బండి డబడబమని వీధినంతా లేపేది దీనివల్లే! ఎంత మొత్తుకున్నా నాన్న బిగించలేదు. స్నేహితుల ముందు నాకు తల కొట్టేసినట్టుండేది.

ట్యాంకు మార్చి, బాడీ ఎక్కించి, మూలకి కొత్త బోల్టు వేసి పళ్ళు బిగబట్టి బిగించాను. వీధి చివరిదాకా నడిపి తెచ్చాను. చడీచప్పుడూ లేదు.

హారన్ కొడితేగానీ అమ్మ బయటికి రాలేదు.

"ఎవరి బండో అనుకున్నాన్రా. మీ నాన్న మలుపు తిరిగితే చాలు, వినబడేది. టీ నీళ్ళు పొయ్యి మీద పడేసేదాన్ని" అంది. బండి వెనక మూలకేసి చూసి, "ఆ పాత బోల్టు పారేశావా?" అని అడిగింది.

తిట్టుకుంటూనే మళ్ళీ బండి కింద దూరాను. పాత బోల్టు వదులుగానే వేసి, మలుపు దాకా డబడబమని వెళ్ళొచ్చాను.

దిగేసరికి టీ చేతికొచ్చింది. గుక్కెడు తాగాను. చక్కెర లేదు, అచ్చం నాన్న తాగే టీ.

చుక్క మిగల్చకుండా తాగేశాను.