బషీరాబాద్‌లో వదిలేసిన కుక్క

నాగరాణి తాండూరు నుంచి పశువుల డాక్టరు రాసిన కుక్క మందు కొనుక్కుని వచ్చేసరికి గొర్రెల దొడ్డి ముందు గొలుసు ఒక్కటే పడి ఉంది. కుక్క లేదు.

సింగడు తనంతట తాను ఎటో పోయే కుక్క కాదు. వయసులో ఉన్నప్పుడు తోడేళ్లను దొడ్డి ఛాయలకు రానివ్వలేదు గాని, ఇప్పుడు ముసలిదైంది. వెనక కాళ్లు పట్టేశాయి, చెవులు వినపడవు, గిన్నె దాకా లేచిపోవాలన్నా ఆలోచిస్తుంది. దానికితోడు ఒంటినిండా గోమార్లు. చెవుల్లో, వేళ్ల సందుల్లో, రక్తం తాగి గింజల్లా ఉబ్బి ఉంటాయి. రోజూ పొద్దున కూర్చుని నాగరాణి తీసేస్తుంది, మర్నాటికి మళ్లీ పడతాయి.

"కుక్క యాడికి పోయింది?" అని అడిగింది.

మొగుడు పరమేశ్ గొర్రెపిల్లకు పాలు పట్టడంలో మునిగిపోయినట్టు నటించాడు. మామ ఈరయ్య మంచం మీద నుంచే చెప్పాడు.

"గొర్రెపిల్ల చెవుల గోమారి దొర్కింది కోడలా. గా ముసలి కుక్కతోనే మందకంత అంటుతున్నది. ఆటోల ఏసుకపోయి బషీరాబాద్‌ల ఇడిసిపెట్టి రమ్మన్న."

నాగరాణికి ఒళ్లు మండిపోయింది. మొగుడి వైపు తిరిగింది.

"ఎత్తుకుంటె కరవలేదా నిన్ను?"

"లే. చెయ్యి నాకింది," అన్నాడు పరమేశ్ తలెత్తకుండా.

అక్కడే నాలుగు పీకాలనిపించింది ఆమెకు. ఒళ్లు దాచుకోకుండా మందను కాసినందుకు ఈ ఇంట్లో దానికి దక్కిన మర్యాద ఇది!

"పశువుల డాక్టరు ఏం జెప్పిండో ఎర్కనా? ఉత్తగ కుక్క మీదియి తీస్తె కాదంట. అది పండుకునే జాగల గోడ సందులు సూడమన్నడు. గుడ్లన్ని ఆడనే పెడ్తయంట."

"నా గోడకేమైంది?" అని కస్సుమన్నాడు ఈరయ్య.

ఆ గోడంటే ఆయనకు ప్రాణం. పాలిష్ మిషన్ల దగ్గర పారేసిన తాండూరు బండ ముక్కలు ఊరికే తెచ్చి, మన్ను లేకుండా, సిమెంటు లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టాడు. వచ్చిన చుట్టానికల్లా దాన్ని చూపించాడు. సింగడు పడుకునేది దాని నీడనే.

నాగరాణి చెప్పులేసుకుని ఆటో ఎక్కింది.

బషీరాబాద్‌లో దిగి బజారంతా తిరిగింది. పిలిచినా దానికి వినపడదని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు, "సింగా, సింగా" అని అరుస్తూనే పోయింది. కోపంతోనే ఏడుపొచ్చింది. చివరికి ఆటోలు ఆగే చోట, చాయ్ బండి పక్కన కనిపించింది. దిగే ప్రతి మనిషినీ మెడ చాచి చూస్తోంది. బండామె వేసిన బిస్కెట్టు ముందే పడి ఉంది, ముట్టలేదు.

"ఈ నాయి నిమ్దా?" అంది బండామె కన్నడంలో.

"నాదే," అంది నాగరాణి. ఆమె వాసన తగిలాక దాని తోక నేలకు టపటపా కొట్టుకుంది.

గోమార్లున్న కుక్కను ఎక్కించుకోనని ఆటోవాడు మొండికేశాడు.

"ఎక్కితె నాకెక్కుతయి, నీకేం ఫికర్? నడువు!" అని కసిరి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి గుక్కెడు నీళ్లయినా తాగలేదు. కుక్కను దించి, గడ్డపార తీసుకుని, సింగడు పడుకునే చోట గోడలోకి పొడిచి ఎత్తింది. బండలు ధడేల్‌మని కూలాయి. ప్రతి బండ వెనకా గోమార్లే. ఒలకబోసిన ఆవాల్లా గుడ్లు, వాటి పక్కన తల్లులు, పైకి కిందికి పాకుతున్న పిల్లలు. ఈరయ్య మంచం దిగి వచ్చి, వంగి చూశాడు.

"సూసినవా మామా? గీ గోడను గూడ ఆటోల ఏసుకపోయి బషీరాబాద్‌ల ఇడిసిపెట్టి రమ్మను నీ కొడుకును!"

పరమేశ్ మొహం మాడిపోయింది. కుక్కనైనా అక్కడి నుంచి పక్కకు జరుపుదామని రెండు చేతులూ చాచి వంగాడు. సింగడు కరవలేదు, మొరగలేదు. పొద్దున నాకిన ఆ చేతులను చూసి వణికి, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పోయి నాగరాణి చీర చాటున దాక్కుంది.