రెండు ముళ్ల మూట

ఆసుపత్రిలో బట్టలుతికే గదికి వార్డుల నుంచి మూటలు దిగుతాయి. ఒక ముడి ఉంటే మామూలు మురికి. రెండు ముళ్లుంటే ఆ దుప్పటి కప్పుకున్న మనిషి పోయాడని అర్థం. దాన్ని విడిగా ఉడకబెట్టాలి. అలాంటివి ఎన్ని విప్పానో! విప్పి, ఉతికి, ఇంటికెళ్లి కడుపునిండా తినేదాన్ని. పోయింది నా వాళ్లు కాదుగా.

మా ఆయన ఊపిరాడక పై అంతస్తులో చేరాక ముద్ద దిగడం మానేసింది. చిరుగుల్లేని దుప్పటి ఒకటి ఏరి, వేరేవాళ్లకు పోకుండా అంచున ఎర్రదారంతో కుట్టు వేసి ఆయనకు కప్పాను. ఇన్నేళ్లు చాకిరీ చేసినందుకు ఆ మాత్రం లాభం ఉండొద్దూ?

పక్క మంచం మీది తాత భార్యను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ రోజూ నా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని దేవుణ్ణి వేడుకునేది. నాకు ఒళ్లు మండేది. దేవుడికి చెవులే ఉంటే ఈ వార్డులో ఇన్ని దగ్గులెందుకు? మనసు నిమ్మళంగా ఉంచుకుంటే ఆయనే దగ్గరికొస్తాడని చెప్పేది. వచ్చేటప్పుడు మందులు కూడా పట్టుకురమ్మని చెప్పు పెద్దమ్మా అంటే, నవ్వేసి మళ్లీ కళ్లు మూసుకునేది.

ఒక మధ్యాహ్నం రెండు ముళ్ల మూట విప్పాను. లోపల దుప్పటి అంచున నా ఎర్రదారం కుట్టు ఉంది.

మిషన్ల మోత మధ్య నేల మీద చతికిలబడి ఆ దుప్పటిని ఒళ్లో పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా అంతట నేను దేవుణ్ణి పిలిచాను.

"ఆయన్ని నాకు తిరిగిచ్చెయ్యి. కావాలంటే ఇంకెవరినైనా తీసుకో."

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పైన మా ఆయన దిండుకు ఆనుకుని పాలు తాగుతున్నాడు. తాత చలికి వణికిపోతుంటే నర్సుతో చెప్పి తన దుప్పటి కప్పించానని, అదేదో తప్పయినట్టు నసిగాడు. నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. సంతోషంతో గుండె పగిలిపోతుందేమో అనిపించింది. ఆ తర్వాతే పక్క మంచం చూశాను. పరుపు ఒక్కటే ఉంది.

పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని తాత చెప్పులు సంచిలో సర్దుతోంది. నన్ను చూసి చెయ్యి చాచింది.

"మీ ఆయన గండం గడిచిందట, డాక్టరు చెప్పాడు. ఇద్దరి కోసమూ దేవుణ్ణి అడిగానమ్మా. ఒక్కడినైనా ఉంచాడు. పోయి ఆయన దగ్గర కూర్చో."

ఆ మొహంలో ఏడ్చిన చారలున్నాయి గానీ, నిష్ఠూరం మచ్చుకైనా లేదు. దేవుడు నిజంగానే ఆవిడ పక్కన కూర్చుని ఉన్నాడనిపించింది. ఆయన ఎక్కడ తలతిప్పి నావైపు చూస్తాడోనని, ఆవిడ చెయ్యి అందుకోకుండా వెనక్కి తగ్గాను.