గళ్ల గుడ్డ పేలిక

పక్కింటి డాబా మీది వాననీళ్లు గొట్టంలోంచి నేరుగా తన గోడ మీదే పడుతున్నాయని టైలరమ్మ ఎంతకాలంగానో పోరుపెడుతోంది. గోడ చెమ్మగిల్లి, కుట్టిపెట్టిన బట్టలకు బూజు పడుతుంటే గిరాకీ ఏం నిలుస్తుంది? పక్కింటి పెద్దాయన మాత్రం "వాన నేను కురిపిస్తున్నానా తల్లీ!" అని నవ్వేసేవాడు.

లాయరు మరిదిని అడిగింది.

"మన హద్దులోకొచ్చిన కొమ్మయితే హద్దు దాకా కొట్టేసుకోవచ్చు వదినా. నీళ్లు అలా కాదు. వెనక్కి తోసి వాళ్లిల్లు పాడుచేస్తే తప్పు నీదవుతుంది. నోటీసిద్దాం, ఆగు."

మొదటి మాటే ఆమె చెవికెక్కింది. గొట్టం మూతి తన హద్దులోకే పొడుచుకొచ్చింది కదా! నిచ్చెనేసుకుని, కత్తిరింపుల సంచిలోని పేలికలు అందులో కుక్కి, పైన సిమెంటు మెత్తింది. తిక్క కుదిరిందనుకుంది.

వాన పట్టుకుంది. గోడ పొడిగానే ఉంది. ఆమె హుషారుగా మిషను తొక్కుతుంటే పక్కింటి కోడలు చంటిపాపతో పరుగున వచ్చింది.

"అక్కా, కాస్త దీన్ని పట్టుకో. గదంతా కారిపోతోంది, గిన్నెలు పెట్టొస్తా."

"ఇలా ఇవ్వు. మీ మామగారికి ఇప్పటికి వాన కనబడిందన్నమాట!"

కోడలు నవ్వి గుమ్మం దాటిందో లేదో, గోడ అవతల ధబ్బుమని చప్పుడు. పాపను ఎత్తుకుని టైలరమ్మ ఆమె వెనకాల పరిగెత్తింది.

పైకప్పు పెచ్చు ఊడి ఉయ్యాలలో పడింది. చిన్న దిండు దాని కింద ఎక్కడుందో కనబడటం లేదు.

టైలరమ్మకు చేతిలోని పాప ఉన్నట్టుండి రాయంత బరువైంది.

"గొట్టం పూడుకుపోయిందే! డాబా చెరువైంది!" పైనుంచి పెద్దాయన కేక. ఇనుపకొక్కెంతో కెలికి కెలికి, కాసేపటికి తడిసి ముద్దై దిగొచ్చాడు. చేతిలో సిమెంటు పెళ్ల అంటుకున్న పేలిక. పసుపు గళ్లది.

"ఎవరో కావాలనే కుక్కారమ్మా" అన్నాడు.

కోడలు పేలికను చూసింది. పాప ఒంటిమీది పసుపు గళ్ల గౌనును చూసింది. మొన్ననే ఎంతో ముచ్చటపడి కుట్టించింది దాన్ని. ఆ తర్వాత, కుట్టినామె ముఖంలోకి చూసింది.

"అక్కా... పాపనిలా ఇవ్వు."

ఇచ్చాక కూడా టైలరమ్మ చేతులు అలాగే చాచి ఉండిపోయాయి.

"ఆగమన్నాడు" అంది, ఎవరూ అడక్కుండానే. "మా మరిది నన్ను ఆగమనే అన్నాడు."