సగం కప్పు

నేను ఒక చెవి మిషన్ని. వినికిడి యంత్రం అని పిలవాలనుంటే పిలవండి, నాకేం అభ్యంతరం లేదు. ఏలూరులో మాత్రం నన్నెవరూ అలా పిలవలేదు. చెవి వెనక దాక్కునే చర్మం రంగు ప్లాస్టిక్ ముక్కను, కడుపులో బొత్తామంత బ్యాటరీ. ఏదో ఫ్యాక్టరీలో మూతికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు నన్ను అతికించి, కూత పెట్టించి చూసి, దూదిలో చుట్టి పంపారు. మనుషుల మాటలు వినడానికే పుట్టానని మురిసిపోయాను. అప్పటికింకా మనుషులు తెలియరు కదా.

నన్ను కొన్నవారు వేమవరపు పాండురంగం గారు. కరెంటాఫీసులో రిటైరయ్యాక కథలు రాసేవారు, ఏ పత్రికా వేసుకునేది కాదు. ఒక సభలో ఎడిటరుగారు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పారట.

"మీ కథల్లో మనుషులు పాఠం అప్పజెబుతున్నట్టు మాట్లాడతారండీ. జనంలో కూర్చోండి, వినండి."

మర్నాడే షాపుకొచ్చారు. మిషన్ కొనుక్కోమని తాను ఏళ్ల తరబడి పోరుతున్నా వినలేదని ఆయన భార్య మాణిక్యాంబ గారు షాపతనితో చెప్పుకున్నారు. నేను ఆయనకు వినిపించిన మొదటి గొంతు ఆవిడదే.

ఇక చూడాలి మా తిరుగుడు. బస్టాండు బెంచీ, రైతుబజారు, పెద్దాసుపత్రి వరండా. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు, నేను పని చేసేదాన్ని. చిల్లర లేదని కండక్టరు ఎలా కసురుకుంటాడో, కోడలి మీద కోపం టమాటాల మీద ఎలా తీరుతుందో అన్నీ పట్టి ఇచ్చాను. ఒకరోజు ఆసుపత్రిలో ఒక ముసలాయన మందుచీటీ చాపి, "ఇది తగ్గేదేనా బాబూ, నన్ను తీసుకుపోయేదా?" అని అడిగాడు. పాండురంగం గారికి ఒళ్లు పులకరించింది. ముసలాయనకు జవాబు చెప్పకుండానే ఇంటికి పరుగెత్తి ఆ మాట రాసుకున్నారు. ఆ కథ అచ్చయింది. ఆ తర్వాతవీ అచ్చయ్యాయి. మనుషుల్ని ఇంత దగ్గరగా విన్న రచయిత లేడని పాఠకులు మెచ్చుకున్నారు.

గుమ్మంలోకి రాగానే మాత్రం నన్ను తీసి మేజా మీద పెట్టేసేవారు. బ్యాటరీ దండగట, కుక్కరు కూత చెవిలో గుచ్చుకుంటుందట. ఇంట్లో వినడానికేముంది అనేవారు. మాణిక్యాంబ గారు దగ్గరికొచ్చి ఏమన్నా కాఫీ గురించే అయి ఉంటుందని ఆయన నమ్మకం. తలెత్తకుండా "సగం కప్పు చాలు" అనేవారు. నిజానికి చాలాసార్లు అది కాఫీ గురించే.

ఒకరోజు నన్ను తీసినప్పుడు, నన్ను నిద్రపుచ్చే బ్యాటరీ మూత తెరవడం మరిచిపోయారు. నేను మేలుకునే ఉన్నాను. ఆవిడ వంటింట్లోంచి వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఆయన పక్కన నిలబడ్డారు.

"ఏవండీ, చంకలో గడ్డ లేచింది. పెరుగుతోందండీ. నాకు భయంగా ఉంది."

"సగం కప్పు చాలు," అన్నారాయన.

ఆవిడ వెళ్లి సగం కప్పు కాఫీ తెచ్చి కాగితాలకు తగలకుండా పెట్టారు. ఒక్కసారి ఆయన భుజం తట్టొచ్చు కదా తల్లీ అని నేను గిలగిల్లాడాను. తట్టి తట్టి విసిగిన చెయ్యి అని తర్వాత తెలిసింది.

గడ్డ పుండయ్యాక విజయవాడ తీసుకెళ్లారు. చేయి దాటిపోయిందని డాక్టరమ్మ చెప్పేసింది. ఇన్నాళ్లూ ఇంట్లో ఎందుకు చెప్పలేదని కోప్పడింది కూడా. మాణిక్యాంబ గారు భర్త వైపు చూశారు.

"నేనే చెప్పలేదండీ."

ఆ అబద్ధాన్ని ఆయన చెవిలో స్పష్టంగా వేసింది నేనే.

వానాకాలం రాకముందే ఆవిడ పోయారు. ఏడాది తిరిగాక ఆయన ఒక కథ రాశారు. జబ్బును కడుపులో దాచుకుని, నోరు విప్పకుండా పోయిన ఇల్లాలి కథ. దానికి బహుమతి వచ్చింది. సన్మాన సభలో, "ఒక్క మాట చెప్పి ఉంటే బతికించుకునేవాణ్ణి" అని ఏడ్చారు. దొంగ ఏడుపైతే నాకింత బాధ ఉండేది కాదు. అది నిజం ఏడుపే. హాలంతా చప్పట్లు కొడుతుంటే నాకు ఆయన చెవిలోంచి దూకేయాలనిపించింది. ఆవిడ చెప్పిన సంగతి తెలిసింది నాకొక్కదానికే. నన్ను తయారుచేసినవాళ్లు నోరు పెట్టలేదు.

ఇప్పుడు ఇంట్లో కూడా నన్ను తీయడం లేదు. కాఫీ ఆయనే కలుపుకుంటారు. కొత్త బ్యాటరీ వేసి, వంటింటి వైపు తిరిగి కూర్చుంటారు. నేను ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తూ ఉంటాను.