ఆరు గజాలు వెనక్కి

హార్లన్ పెల్టియర్ పేరిట ముప్పై ఏళ్లుగా ఉన్న రికార్డు మూడో భాగం ఆటలో బద్దలైంది. రెమీ గిల్లోరీ అంచుగీత పక్కన గాల్లోకి లేచి బంతి అందుకుని, ఒక కాలు లోపల మోపి కిందపడ్డాడు. బెల్‌ఫాంటేన్ కాలేజీ చరిత్రలో విసిరిన బంతి అందుకుని అందరికంటే ఎక్కువ గజాలు సాధించినవాడు ఇక రెమీయే. పెల్టియర్‌ని దాటింది మూడంటే మూడు గజాలు. అయినా మైకులో అరిచినవాడు మూడు మైళ్లన్నట్టే అరిచాడు.

మరుక్షణం, బంతి అందుకునే రిసీవర్ల కోచ్ లాంబర్ట్ రెమీని బయటికి పిలిచేశాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అదొక ఆనవాయితీ. రికార్డు వచ్చిందా, మనిషిని బెంచీ ఎక్కించెయ్. గజాలు ముందుకే పోతాయని రాసిపెట్టి లేదు. ఆ విడత ఆట మొదలైన గీతకి వెనకాల బంతి పట్టుకుని అక్కడే దొరికిపోతే, పడ్డన్ని గజాలూ లెక్కలోంచి కోసేస్తారు. వచ్చిన రికార్డు వచ్చినట్టే పోతుంది. పెళ్లైన మర్నాడే పెళ్లికూతుర్ని బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంటుంది గానీ, కోచ్‌లందరూ చేసే పనే ఇది.

"ఇక కదలకు. పద్నాలుగు పాయింట్లు ముందున్నాం. ఆట మనదే, అంకె నీదే" అన్నాడు లాంబర్ట్. తర్వాత గొంతు తగ్గించి, "పైన కూర్చున్నాడు చూడు, నీలం కోటు. ప్రో జట్టు మనిషి. రికార్డుతో సహా ఆట ముగిస్తే శిబిరానికి పిలుస్తానన్నాడు. లేకపోతే నీ ఎత్తు చూసి ఎవడూ పలకరించడు, తెలుసుగా?"

రెమీకి తెలుసు. నాలుగేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాడు. పొట్టివాడన్నారు, బక్కవాడన్నారు, చివరికి స్కాలర్‌షిప్ లేని ఆటగాడిగా చేర్చుకున్నారు. వాళ్లమ్మ ఒడేల్ స్కూలు బస్సు నడిపి ఫీజు కట్టింది. ఇవాళ ఆవిడ పొద్దున్నే లేచి, పార్కింగులో గంబో పులుసు వండి జట్టు జట్టంతటికీ పెట్టి, ఇప్పుడు మూడో వరసలో కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. వాడికి ఆ పిలుపు కావాలి. కావాలంటే మామూలుగా కాదు, ఆకలేసినట్టు కావాలి.

కానీ ఆట ఎవరి చుట్టం? అవతలి జట్టు ఒకసారి గోల్ గీత దాటి ఏడు పాయింట్లు కొట్టింది, మళ్లీ దాటి ఎనిమిది పట్టుకుపోయింది. నిమిషం మిగిలి ఉండగా బెల్‌ఫాంటేన్ ఒక్క పాయింటు వెనకబడింది. బంతి విసిరే కోల్బీ తల పట్టుకుని బెంచీ వైపు చూశాడు. చూసింది రెమీ వైపే.

రెమీ హెల్మెట్ తీసుకుని లేచాడు.

"ఎక్కడికిరా?" లాంబర్ట్ అడ్డొచ్చాడు.

"ఆడ్డానికి, కోచ్."

"నీకు మతిపోయిందా? ఒక్కటి వెనక్కి పడితే అయిపోతావ్!"

"కూర్చుంటే అవ్వనా?"

"రెమీ! కూర్చో నాన్నా! నా మాట విను!" మూడో వరసలోంచి అమ్మ కేకేసింది. నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో సీట్లో కూర్చోబెట్టే గొంతు అది. అయినా రెమీ ఆగలేదు. తన బదులు ఆడుతున్నవాడి భుజం తట్టి బయటికి పంపి, వాడి చోట నిలబడ్డాడు.

ఎదురుగా అవతలి జట్టు ట్రేవన్. పొద్దున్నుంచీ రెమీకి కాపలా వాడే.

"ఏరా చిట్టోడా, దాచుకున్న సొమ్ము ఇచ్చేద్దామని వచ్చావా?"

"వచ్చి పట్టుకో, ఇస్తా."

"మీ అమ్మ కూర్చోమంటోందిగా. వినకపోతే రాత్రికి అన్నం పెట్టదు."

"నీకైతే అస్సలు పెట్టదులే."

రెమీ మీదికి ఇద్దరేసి ఎగబడ్డారు. దాంతో మిగతావాళ్లకి దారి దొరికింది. కోల్బీ వాళ్లకే విసురుతూ జట్టుని ముందుకు లాక్కొచ్చాడు. బంతిని తన్ని మూడు పాయింట్లు కొట్టేందుకు గోల్‌పోస్టు అందే దూరంలోకి వచ్చింది. ఇంకొంచెం దగ్గరైతే మంచిదని మరొక్కసారి విసిరాడు. ఎదుటి బండరాయిలాంటివాడొకడు చెయ్యెత్తాడు. బంతి వాడి అరచేతికి తగిలి, పైకి లేచి, వెనక్కి, కోల్బీ నెత్తిమీదికి వచ్చింది.

రెమీ గిర్రున తిరిగి పరిగెత్తాడు. వాడి వెనకే ట్రేవన్. ఇద్దరూ ఒకేసారి ఎగిరి, ఒకే బంతిని నాలుగు చేతులతో వాటేసుకుని నేలమీద పడ్డారు. మొదలైన గీతకి ఆరు గజాలు వెనక.

ఇద్దరి చేతుల్లోనూ ఉంటే బంతి విసిరిన జట్టుదే. రెమీ వదిలాడా, ట్రేవన్‌ది, ఆట వాళ్లది.

మీద మనుషులు కుప్పగా పడుతుంటే ట్రేవన్ చెవిలో గొణిగాడు. "వదిలెయ్‌రా పిచ్చోడా. వదిలితే రికార్డు నీకే ఉంటది. ఎవడికి తెలుస్తది?"

నిజమే. వేళ్లు కాస్త సడలిస్తే చాలు. జారిపోయిందంటారు, పాపమంటారు, నీలం కోటు మనిషి ఫోను చేస్తాడు. రెమీకి ఒళ్లు మండిపోయింది.

"నాకు తెలుస్తదిరా!" అని గోళ్లు బంతిలో దిగేలా బిగించాడు.

రిఫరీ ఒక్కొక్కణ్నీ లాగి పక్కన పడేశాడు. అడుగున రెమీ చేతులు అలాగే ఉన్నాయి. బంతి బెల్‌ఫాంటేన్‌దే. గడియారం ఆపమని కోల్బీ చివరి టైమౌట్ అడిగాడు, తన్నేవాడు వచ్చి తన్నాడు, బంతి రెండు స్తంభాల మధ్య నుంచి పోయింది. ఆట గెలిచారు.

జట్టంతా మైదానంలో దొర్లుతుంటే లాంబర్ట్ రెమీని పక్కకి లాగాడు. "విను. పైన లెక్కలు రాసేవాడు మనవాడే. ఆ గందరగోళంలో ఎక్కడ పట్టావో వాడికి సరిగ్గా కనబడలేదట. గీత మీదే పట్టానని ఒక్క మాట అను. సున్నా రాసేస్తాడు. రికార్డు నీదే."

"వెనక పట్టాను, కోచ్."

"అందరూ చేసేదేరా! సొంత ఊళ్లో ఆ మాత్రం చెయ్యరా?"

"నాలుగేళ్లు నన్ను కురచోడు, కురచోడు అన్నారు. ఇప్పుడు మీరే దొంగ కొలత వేస్తామంటున్నారా? ఆరు గజాలు. ఒక్కటి కూడా తగ్గించొద్దు."

"ఆ నీలం కోటువాడు వెళ్లిపోతాడు."

"వెళ్లనీయండి. నేను పట్టింది కళ్లారా చూశాడు. చూసీ వెళ్లేవాడితో నాకేం పని?"

లాంబర్ట్ లెక్కలు రాసేవాడికి ఫోను చేశాడు. కాసేపటికి మైకు గొంతు సవరించుకుంది. రికార్డు హార్లన్ పెల్టియర్ పేరిటే ఉందనీ, రెమీ గిల్లోరీ మూడు గజాల దూరంలో ఆగిపోయాడనీ చెప్పింది. జనం ఉసూరుమన్నారు. పైన నీలం కోటు మనిషి లేచి, మెట్లు దిగి, గేటు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

రెమీ చూశాడు. ఆ మనిషి గేటు దాటేదాకా చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. మైదానం మధ్యలోకి పోయి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని మైకు గది వైపు అరిచాడు.

"మళ్లీ చెప్పండి! మూడు గజాలు తక్కువ! గట్టిగా చెప్పండి!"

మూడో వరసలో ఒడేల్ లేచి నిలబడింది.

"చెవుడా మీకు?" ఆ బస్సు గొంతు స్టేడియం ఆ చివరిదాకా వినబడింది. "మా అబ్బాయి అడుగుతున్నాడుగా, చెప్పండి!"