ముప్పై ఏడు జవాబులు

పరీక్షకు ఇంకా ఏడు నిమిషాలే మిగిలినట్టు కంప్యూటర్ తెర చూపిస్తోంది. అరచేతులు చెమట పట్టి సుమిత్రకు మౌసు జారిపోతోంది.

ఈ ఆన్‌లైన్ కోర్సు పరీక్ష రాయడం ఆమెకిది రెండోసారి. మూడో అవకాశం లేదు. పాసైతే బోధన్‌లో ఒక ప్రైవేటు బడి కంప్యూటర్ టీచరుగా తీసుకుంటానంది. తప్పితే మళ్లీ ఒళ్లో చాట, తునికాకు, తంబాకు. పదిహేనేళ్లుగా చుట్టిన బీడీలే చుట్టాలి. నిరుడు కూడా నిజామాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న ఈ నెట్ సెంటర్లోనే రాసింది. పేపరు పంపకుండానే టైమైపోయి సున్నా వచ్చింది. మనసు పెట్టి చదవలేదని వాడకట్టంతా తేల్చేసింది. వాళ్లకేం తెలుసండీ! బీడీలు చుడుతూనే పాఠాలన్నీ కంఠతా పట్టిన మనిషి ఆమె.

సెంటరు నడిపే రామ్‌దాస్ వెనక నుంచి తొంగిచూశాడు. నలభై ప్రశ్నల్లో ముప్పై ఏడింటికి జవాబులు పెట్టేసి ఉన్నాయి.

"ఇంక దేనికి సూస్తున్నవక్కా? కింద బటన్ నొక్కు, పోతది."

"మూడు రాలే తమ్మీ."

"రాకుంటే రాకపాయె!"

"గవి సరిజెయ్యకుంట ఎట్ల పంపుత?"

సుమిత్ర మళ్లీ మొదటి ప్రశ్న నుంచి చదవడం మొదలుపెట్టింది. అయ్యో, వద్దు తల్లీ! చూస్తుండగానే మిగిలిన టైము రెండు నిమిషాలకు వచ్చింది.

"కరెంటు పోతే ఆగమైతవ్! పంపు!" అని రామ్‌దాస్ అరిచాడు.

"మూడు బీడీలు ఖరాబుంటే మా బీడీలు తీసుకునే టేకేదారు కట్టకు కట్ట పక్కకేస్తడు, పైసలియ్యడు. గిదీ గంతే గద?" అంది సుమిత్ర.

రామ్‌దాస్ తల పట్టుకున్నాడు.

"నిరుడు గందుకే పంపలేదా? అక్కా, ఇది బీడీల కార్ఖాన గాదు. మూడు రాకుంటే మూడు మార్కులే పోతయ్. నీ కాల్మొక్త, నొక్కు!"

ఇరవై సెకన్లు. అతడి మాట నమ్మాలంటే భయం, నమ్మకపోతే బతుకే పోతుంది. కళ్లు గట్టిగా మూసుకుని నొక్కేసింది.

తెర తెల్లగా అయిపోయింది. తర్వాత మెల్లగా అక్షరాలు వచ్చాయి. నలభైకి ముప్పై అయిదు. పాస్.

"కొట్టినవ్ పో అక్కా!" అని రామ్‌దాస్ ఎగిరి గంతేశాడు.

సుమిత్ర నవ్వలేదు.

"తప్పులున్నా మంచియి మంచియే అని లెక్కగట్టిండ్రా?"

"యాడనన్న గంతే గదక్కా."

ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి ఆమెకు.

"మరి పదిహేనేండ్లు టేకేదారు పక్కకేసిన కట్టలల్ల నా మంచి బీడీలు ఎవడు అమ్ముకున్నడు తమ్మీ?"